వెళ్లకుండా తోడు నిలవడం: అండమాన్ నికోబార్ ఆదివాసుల పక్షాన సంఘీభావ ఉద్యమాలు

ఎక్కడో దూరాన ఒక జనం ఆపదలో ఉంటే, మన ఊళ్లో ఉండి మనం చేయగలిగింది ఏమిటి? గత శతాబ్దంలో ఈ ప్రశ్నకు వచ్చిన గట్టి జవాబుల్లో ఎల్ సాల్వడార్ సంఘీభావ ఉద్యమం ఒకటి. చిన్నచిన్న పట్టణాల్లోని మామూలు మనుషులు కమిటీలు కట్టి, వేల కిలోమీటర్ల దూరంలోని పల్లెలతో ముడి వేసుకుని, తమ ప్రభుత్వాన్నే నిలదీసిన చరిత్ర అది. అండమాన్ నికోబార్ దీవుల ఆదివాసులకూ మూడు దశాబ్దాలుగా ఇలాంటి మద్దతు ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక చిన్న సంస్థ దగ్గర్నుంచి లండన్‌లోని అంతర్జాతీయ సంస్థ వరకు ఇందులో పాలుపంచుకున్నాయి. అయితే ఎల్ సాల్వడార్‌లో పనిచేసిన పద్ధతి ఈ దీవుల్లో యథాతథంగా పనిచేయదు. ఎందుకు పనిచేయదో, దాని బదులు ఏది పనిచేసిందో, ఏది విఫలమైందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు మీద చర్చ సాగుతున్న ఈ రోజుల్లో ఈ సంగతి తెలియడం అవసరం.

ఎల్ సాల్వడార్ నమూనా

మధ్య అమెరికాలోని ఈ చిన్న దేశం విస్తీర్ణం సుమారు 21 వేల చదరపు కిలోమీటర్లు. 1980 నుంచి 1992 వరకు అక్కడ అంతర్యుద్ధం సాగింది. సుమారు 75 వేల మంది చనిపోయారు. ప్రభుత్వ సైన్యానికి ఆయుధాలు, డబ్బు, శిక్షణ అమెరికా నుంచి వచ్చేవి. ఆ సైనిక సాయాన్ని ఆపమని శాన్ సాల్వడార్ ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో 1980 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు లేఖ రాశారు. మార్చి 24న ప్రార్థన జరిపిస్తుండగా ఆయన్ను కాల్చి చంపారు.

అదే ఏడాది అమెరికాలో ఎల్ సాల్వడార్ ప్రజల సంఘీభావ కమిటీ ఏర్పడింది. రొమేరో హత్యకు సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున, 1982 మార్చి 24న, అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ పట్టణంలో ఒక చర్చి మధ్య అమెరికా శరణార్థులకు బహిరంగంగా ఆశ్రయం ప్రకటించింది. ఆ తర్వాత ఎన్నో చర్చిలు, కొన్ని యూదు ప్రార్థనా మందిరాలు ఆ బాట పట్టాయి. 1986లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరం, చలతెనాంగో ప్రాంతంలోని ఆర్కతావో అనే ఊరితో సోదర నగర బంధం కలుపుకుంది. 1987లో హోండురస్‌లోని మెసా గ్రాండె శిబిరం నుంచి శరణార్థులు వేల సంఖ్యలో సొంత ఊళ్లకు తిరిగి బయల్దేరినప్పుడు విదేశీ మద్దతుదారులు వారితో కలిసి వెళ్లారు.

ఈ ఉద్యమానికి మూడు లక్షణాలున్నాయి. ఒకటి, మద్దతు నిర్దిష్టంగా ఒక ఊరికో ఒక సమూహానికో ముడిపడి ఉండేది. రెండు, మద్దతుదారుల ఒత్తిడి ప్రధానంగా సొంత ప్రభుత్వం మీదే ఉండేది. మూడు, మనిషి స్వయంగా వెళ్లి పక్కన నిలబడేవాడు. విదేశీ సాక్షి కళ్లెదుట ఉంటే సైనికుడు తుపాకీ ఎత్తడానికి జంకుతాడన్నది ఈ మూడో దాని వెనకున్న ఆలోచన. మొదటి రెండు లక్షణాలు అండమాన్‌లోనూ చెల్లుతాయి. చిక్కంతా మూడో దానితోనే.

వెళ్లడమే ఆపద అయిన చోట

అండమాన్‌కు సంఘీభావం కొత్తేమీ కాదు. సెల్యులార్ జైలులోని రాజకీయ ఖైదీలు 1933లో, మళ్లీ 1937లో నిరాహార దీక్షలు చేశారు. 1933 దీక్షలో బలవంతంగా ఆహారం ఎక్కించే క్రమంలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్ర చనిపోయారు. 1937 జూలైలో రెండో దీక్ష మొదలైనప్పుడు ప్రధాన భూభాగంలో సభలు, నిరసనలు జరిగాయి. గాంధీ, రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు జోక్యం చేసుకున్నారు. 1938 నాటికి రాజకీయ ఖైదీలను దీవుల నుంచి వెనక్కి తీసుకొచ్చారు. ఖైదీలకు తమ కోరిక చెప్పుకునే భాష ఉంది, ఆ మాట సముద్రం దాటించడానికి తంతి ఉంది. బయటి వారు చేయాల్సిందల్లా ఆ మాటను పెద్దది చేయడం.

ఆదివాసుల పరిస్థితి వేరు. 1858లో బ్రిటిష్ వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు కొన్ని వేల మంది ఉండేవారు. పొంగు, సిఫిలిస్ వంటి రోగాలు బయటి వారితో వచ్చి వారిని తుడిచిపెట్టాయి. 2011 జనాభా లెక్కల్లో మిగిలింది 44 మంది. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూయడంతో ‘బో’ భాష మాట్లాడేవారు లేకుండాపోయారు. ఆ చావుల్లో తుపాకీ వల్ల జరిగినవి కొన్నే. ఎక్కువ మందిని చంపింది బయటి మనుషుల దగ్గరితనం.

అందుకే 1956లో ఆదిమ తెగల రక్షణ నిబంధన వచ్చింది. జారవా, ఓంగే, సెంటినలీ, షొంపెన్, నికోబారీ తెగల ప్రాంతాలను రిజర్వులుగా ప్రకటించి, అనుమతి లేకుండా బయటి వారు అడుగు పెట్టకూడదని చెప్పింది. 2018 నవంబరులో ఒక అమెరికన్ మతప్రచారకుడు చట్టాన్ని లెక్కచేయకుండా నార్త్ సెంటినల్ దీవికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వార్త అతని చావు చుట్టూనే తిరిగింది. అతను మోసుకెళ్లి ఉండగల సూక్ష్మక్రిముల గురించి మాట్లాడినవారు తక్కువ.

కాబట్టి ఈ దీవుల్లో ఆదిమ తెగలకు తోడు నిలవాలనుకునేవారు పాటించాల్సిన మొదటి నియమం అక్కడికి వెళ్లకపోవడం. పని మొత్తం ఫైళ్ల మీద, కోర్టుల్లో, పత్రికల్లో, పర్యాటకుల నిర్ణయాల్లో జరగాలి. దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. ఎవరి పక్షాన మాట్లాడుతున్నామో వారిని అడిగి తెలుసుకునే అవకాశం ఉండదు. ఈ దీవుల సంఘీభావం ఎంత నిజాయితీగా ఉందనేది ఈ చిక్కును అది ఎలా ఎదుర్కొందన్న దాన్నిబట్టే తేలుతుంది.

జారవాల అడవిలో రోడ్డు

మొదటి పెద్ద పరీక్ష అండమాన్ ట్రంక్ రోడ్డు. దక్షిణ, మధ్య అండమాన్ దీవులను కలిపే ఈ రహదారి జారవా రిజర్వు గుండా పోతుంది. దశాబ్దాల పాటు బయటి వారిని బాణాలతో దూరం పెట్టిన జారవాలు 1998 నుంచి తమంతట తాము అడవి దాటి ఊళ్లలోకి రావడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే వారిలో తట్టు ప్రబలింది. వారిని ఒకచోట స్థిరపరిచి ‘ప్రధాన స్రవంతి’లో కలపాలని అదే కాలంలో కోర్టులో వ్యాజ్యం కూడా పడింది.

పోర్ట్ బ్లెయిర్ కేంద్రంగా సమీర్ ఆచార్య నడిపిన అండమాన్ నికోబార్ పర్యావరణ సంఘం, పుణెకు చెందిన కల్పవృక్ష, ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కలిసి దీవుల్లో కలప నరికివేత మీద న్యాయపోరాటం చేశాయి. సుప్రీంకోర్టు నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ దీవులన్నీ తిరిగి నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 2002 మే 7న కోర్టు ఉత్తర్వులిచ్చింది. గిరిజన రిజర్వుల్లో చెట్ల నరికివేత ఆపాలి, జారవా రిజర్వు వెంట పోయే రోడ్డు భాగాలను మూసేయాలి అని అందులో ఉంది.

1969లో లండన్‌లో పుట్టిన సర్వైవల్ ఇంటర్నేషనల్ అదే కాలంలో బయటి నుంచి ఒత్తిడి తెచ్చింది. వివిధ దేశాల్లోని మద్దతుదారుల చేత భారత ప్రభుత్వానికి ఉత్తరాలు రాయించింది. 2004 డిసెంబరులో ప్రభుత్వం జారవాల విధానాన్ని ప్రకటించింది. వారి జీవితంలో జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలని, బలవంతంగా కలిపేసే ప్రయత్నాలు చేయరాదని అందులో ఒప్పుకుంది. తెచ్చి స్థిరపరచాలన్న వాదన అలా వెనక్కి పోయింది. ఇది చిన్న విజయం కాదు.

రోడ్డు మాత్రం మూతపడలేదు. మధ్య, ఉత్తర అండమాన్ వాసులకు ఆసుపత్రికైనా, సరుకులకైనా అదే దారి అని యంత్రాంగం వాదించింది. కాన్వాయ్ పద్ధతిలో వాహనాలు సాగుతూనే ఉన్నాయి. 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక ‘అబ్జర్వర్’, తిండి ఆశ చూపి జారవా మహిళలచేత నృత్యం చేయించిన వీడియోను బయటపెట్టింది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు పర్యాటకుల రాకపోకలను నిలిపేసింది. మార్చిలో ఆ ఆంక్ష తొలగింది. దీవుల పర్యాటకాన్ని బహిష్కరించమని సర్వైవల్ ఇచ్చిన పిలుపును, బారాటాంగ్‌కు సముద్ర మార్గం ఏర్పడ్డాక 2017లో ఉపసంహరించుకుంది.

ఇక్కడ రెండు పక్షాలు వేరువేరు పనులు చేశాయి. స్థానిక సంస్థ దగ్గర మ్యాపులు, ఫైళ్లు, ఏ రేవులో ఏ కలప దిగుతోందన్న సమాచారం ఉన్నాయి. బయటి సంస్థ దగ్గర ప్రచార బలం ఉంది. రెండోది లేకుండా మొదటిది కోర్టు వరకు వెళ్లింది. మొదటిది లేకుండా రెండోది ఉత్తరాల దగ్గరే ఆగిపోయేది.

గ్రేట్ నికోబార్: ఇచ్చిన సమ్మతి, వెనక్కి తీసుకున్న సమ్మతి

ఇప్పటి పరీక్ష దీవుల దక్షిణ కొసలో ఉంది. గ్రేట్ నికోబార్ విస్తీర్ణం సుమారు 910 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా ఎనిమిది వేలు. అడవి లోపల వేట, సేకరణ, కొద్దిపాటి తోటలతో బతికే షొంపెన్‌లు ఆ లెక్కల్లో 229 మంది. తీరంలో నికోబారీలు ఉంటారు. తూర్పు తీరంలో 1969 నుంచి ప్రభుత్వం తెచ్చి స్థిరపరిచిన మాజీ సైనికుల కుటుంబాలున్నాయి.

ఈ దీవిలో గలతియా బే వద్ద కంటెయినర్ల ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవు, అంతర్జాతీయ విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కట్టాలన్నది నీతి ఆయోగ్ ప్రతిపాదన. తొలి అంచనా 72 వేల కోట్ల రూపాయలు. 166 చదరపు కిలోమీటర్లు కావాలి, అందులో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. మలక్కా జలసంధి ముఖద్వారానికి దగ్గరగా ఉండడం వల్ల రక్షణ రీత్యా, వ్యాపార రీత్యా ఇది దేశానికి అవసరమని ప్రభుత్వం చెబుతోంది. మన కంటెయినర్లు కొలంబో, సింగపూర్ రేవుల్లో ఓడ మారే అవసరం తగ్గుతుందని, షొంపెన్‌లను ఎక్కడికీ తరలించబోమని కూడా అంటోంది. గలతియా బే లెదర్‌బ్యాక్ సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్యమైన తీరం. 2021 జనవరిలో దాని అభయారణ్య హోదా తొలగించారు.

సమ్మతి విషయంలో జరిగిన క్రమాన్ని తేదీల వారీగా చూడాలి. 2022 జనవరి 27న క్యాంప్‌బెల్ బేలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆగస్టులో లిటిల్ అండ్ గ్రేట్ నికోబార్ గిరిజన మండలి నిరభ్యంతర పత్రం ఇచ్చింది. అక్టోబరు 27న అటవీ భూమి మళ్లింపుకు సూత్రప్రాయ అనుమతి, నవంబరు 11న పర్యావరణ అనుమతి వచ్చాయి. అదే నవంబరులో మండలి తన పత్రాన్ని వెనక్కి తీసుకుంది. సునామీకి ముందు తమ ఊళ్లున్న భూములు కూడా ప్రాజెక్టులోకి వస్తాయని తమకు ముందుగా చెప్పలేదన్నది మండలి చెప్పిన కారణం.

ఆ ఊళ్ల కథ తెలియకపోతే ఈ మాట బరువు తెలియదు. 2004 డిసెంబరు 26 సునామీలో గ్రేట్ నికోబార్ దక్షిణ, పశ్చిమ తీరాల్లోని నికోబారీ గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. బతికినవారిని క్యాంప్‌బెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్ శిబిరాలకు చేర్చారు. తాత్కాలికమనుకున్న ఆ మకాం రెండు దశాబ్దాలు దాటింది. పూర్వీకుల ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వమని వారు అడుగుతూనే ఉన్నారు. మెసా గ్రాండె శిబిరం నుంచి సాల్వడార్ రైతులు అడిగిందీ ఇదే.

షొంపెన్‌ల తరఫున సమ్మతి ఇచ్చింది ఎవరన్నది మరో ప్రశ్న. వారి సంక్షేమం చూసే ప్రభుత్వ సమితి అధికారులే వారి పక్షాన మాట్లాడారన్నది విమర్శ. 2015లో ప్రభుత్వమే రూపొందించిన షొంపెన్ విధానం, పెద్ద అభివృద్ధి ప్రతిపాదనలు వచ్చినప్పుడు ఆ తెగ క్షేమానికే ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతోంది. విమర్శకులు కొత్త హక్కులేవీ కోరడం లేదు. రాసుకున్న విధానాన్ని అమలు చేయమంటున్నారు.

బయటి నుంచి మద్దతు రకరకాల దారుల్లో వచ్చింది. అనుమతులను సవాలు చేస్తూ కన్జర్వేషన్ యాక్షన్ ట్రస్ట్ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో ట్రైబ్యునల్ అనుమతులను రద్దు చేయకుండా, కొన్ని అంశాలను పునఃపరిశీలించడానికి ఉన్నతస్థాయి కమిటీ వేసింది. మాజీ ఉన్నతాధికారులు బహిరంగ లేఖలు రాశారు. అటవీ హక్కుల చట్టం అమలు తీరును ప్రశ్నిస్తూ గిరిజన వ్యవహారాల శాఖ మాజీ కార్యదర్శి మీనా గుప్తా కలకత్తా హైకోర్టును ఆశ్రయించారు. పరిశోధకుడు పంకజ్ సేఖ్‌సరియా ఏళ్ల తరబడి ప్రభుత్వ పత్రాలనే చదివి, వాటిలోని పరస్పర వైరుధ్యాలను ప్రజల ముందు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో 13 దేశాలకు చెందిన 39 మంది జాతి విధ్వంస అధ్యయన నిపుణులు రాష్ట్రపతి ద్రౌపది ముర్ముకు లేఖ రాశారు. ఈ ప్రాజెక్టు షొంపెన్‌లకు మరణశాసనమవుతుందని హెచ్చరించారు.

ఎవరి మాట, ఎవరి నోట

విదేశీ సంతకాల మీద ఒక అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది. లండన్‌లో కూర్చున్నవారికి నికోబార్ గురించి ఏం తెలుసు, దేశ ప్రయోజనాల్లో వేలు పెట్టడమేమిటి అని. దీన్ని కొట్టిపారేయనక్కర్లేదు. ఆదివాసులను ఎప్పటికీ మారని మ్యూజియం బొమ్మలుగా చూసే ధోరణి కొన్ని ప్రచారాల్లో కనిపిస్తుంది. దీవిలో స్థిరపడిన కుటుంబాలకు మంచి ఆసుపత్రి, ఓడలు, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ఆ కోరికలు న్యాయమైనవే. వీటిని పట్టించుకోని సంఘీభావం ఒక స్థానికుడిని మరో స్థానికుడికి శత్రువుగా చూపిస్తుంది.

ఈ అభ్యంతరానికి సరైన జవాబు గిరిజన మండలి లేఖలో ఉంది. ఆ లేఖ లండన్‌లో పుట్టింది కాదు. ప్రాజెక్టుతో నేరుగా ప్రభావితమయ్యే నికోబారీలు తమ సంస్థ ద్వారా చెప్పిన మాట. బయటి వారి పాత్ర ఆ మాట ఫైలులో కలిసిపోకుండా చూడడం.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ నియమగిరి. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులో వేదాంత సంస్థ బాక్సైట్ తవ్వకాలకు వ్యతిరేకంగా డోంగ్రియా కోందులు పోరాడినప్పుడు సర్వైవల్ వంటి సంస్థలు ప్రపంచమంతా ప్రచారం చేశాయి. 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ కంపెనీలోని తన వాటాలు అమ్మేసింది. కానీ ఆ తవ్వకాన్ని ఆపింది 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు జరిగిన 12 గ్రామసభలు. పన్నెండూ వద్దన్నాయి. బయటి ప్రచారం ఆ గ్రామసభలకు వెలుగునిచ్చింది. నిర్ణయం మాత్రం కొండ మీదే జరిగింది. గ్రేట్ నికోబార్‌లో నిర్ణయం తీసుకునే ఆ స్థానిక వేదికే వివాదంలో పడింది. షొంపెన్‌లకు గ్రామసభ అన్నదే వారి జీవనరీతికి బయటి వస్తువు. అలాంటి వారి విషయంలో స్పష్టమైన సమ్మతి లేకపోవడాన్ని సమ్మతిగా లెక్కించకూడదు.

గెలుపును కాపాడుకోవడం

ఎల్ సాల్వడార్ నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. యుద్ధం ముగిశాక అక్కడి పల్లెలు బంగారు గనుల మీద పోరాడాయి. దేశంలోని నీళ్లు కలుషితమవుతాయన్నది వారి భయం. యుద్ధకాలంలో ఏర్పడిన సోదర నగర బంధాలు అప్పుడు మళ్లీ అక్కరకొచ్చాయి. పసిఫిక్ రిమ్ కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రంలో ఆ దేశం మీద వేసిన దావా 2016లో వీగిపోయింది. 2017లో ఎల్ సాల్వడార్ లోహ గనుల తవ్వకాన్ని పూర్తిగా నిషేధించిన తొలి దేశమైంది. ఏడేళ్లకే, 2024 డిసెంబరులో, అధ్యక్షుడు బుకెలె పార్టీ ఆధిక్యంలోని శాసనసభ ఆ నిషేధాన్ని ఎత్తేసింది. అండమాన్‌లో 2002 నాటి ఉత్తర్వు కాగితం మీద ఉండి రోడ్డు మీద లేకపోవడం ఇలాంటిదే. చట్టం వచ్చిన రోజుతో పని ముగిసిందనుకున్న ఉద్యమాలు రెండు చోట్లా దెబ్బతిన్నాయి.

మనకు సంబంధించిన ప్రశ్న

అండమాన్ తెలుగువారికి పరాయి నేల కాదు. 2011 జనాభా లెక్కల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత అక్కడ ఎక్కువ మంది మాతృభాష తెలుగే, దాదాపు 13 శాతం. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ నడుస్తుంది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఆ పట్టణంలో తెలుగు వీధిలోనే వినిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా పర్యాటకులు పెద్ద సంఖ్యలో వెళ్తారు. వారి ప్యాకేజీల్లో బారాటాంగ్ సున్నపురాయి గుహలు తరచూ ఉంటాయి. తెల్లవారుజామున జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ కోసం బారులు తీరే వాహనాల్లో మనవాళ్లూ ఉంటారు. ఆ కాన్వాయ్ పోయేది జారవాల ఇంటి మధ్య నుంచి.

కాబట్టి మనం చేయగలిగింది ఎంతో దూరాన లేదు. ట్రావెల్ ఏజెంటును సముద్ర మార్గం గురించి అడగవచ్చు, రోడ్డు ప్రయాణం మానుకోవచ్చు. గ్రేట్ నికోబార్ మీద మన ఎంపీలను ఒకే ఒక్క ప్రశ్న అడగవచ్చు: గిరిజన మండలి వెనక్కి తీసుకున్న సమ్మతిని ప్రభుత్వం ఏ చట్టం ప్రకారం పక్కన పెట్టింది? పోలవరం ముంపు గ్రామాల్లో సమ్మతి, పునరావాసం అన్న మాటల అర్థమేమిటో దగ్గర్నుంచి చూసినవారికి ఈ ప్రశ్న విడమరిచి చెప్పనక్కర్లేదు.

రాజీవ్ నగర్‌లోని నికోబారీలు తమ ఊళ్లకు ఎప్పుడు వెళ్తామని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. అడవిలోని షొంపెన్‌లు మనల్ని ఏమీ అడగడం లేదు. ఒకరి మాట వినిపించేలా చూడడం, మరొకరి మౌనాన్ని ఎవరూ తమకు అనుకూలంగా రాసుకోకుండా చూడడం బయట ఉన్నవారి పని. ఆ రెంటికీ దీవికి వెళ్లాల్సిన అవసరం లేదు.